అందరి గ్రంథంలో ఏనుగు వైద్యం

నీలకొండ రాజు బలభద్రవర్మకు ఏదైనా చేయాలని బుద్ధి పుట్టిందంటే ఆ నెలంతా నగరానికి తీరిక ఉండదు. ఈసారి ఆయన మనసు ఒక గ్రంథం మీద పడింది.

"లోకంలోని సంగతులన్నీ ఒక్కచోట ఉండాలి. తెలిసినవాళ్లెవరైనా వచ్చి రాయవచ్చు. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. కట్టుబాట్లు రెండే. ఎవరి గురించి వాళ్లు రాసుకోకూడదు. ఇంకొకరి రాత ఎత్తుకొచ్చి తనదని పెట్టకూడదు" అని చాటింపు వేయించాడు.

కోట ముందు మండపంలో తాటాకులు, గంటాలు పెట్టించి, కాపలాకు తిప్పనను కూర్చోబెట్టాడు. తిప్పనది ఆస్థానంలో చిన్న ఉద్యోగం. నోరు మాత్రం చిన్నది కాదు.

జనం విరగబడ్డారు. కుమ్మరి మట్టి గురించి రాశాడు. మంత్రసాని పురుళ్ల సంగతులు చెప్పి రాయించింది. పప్పుచారులో బెల్లం వేయాలా వద్దా అని ఇద్దరు వంటవాళ్లు నాలుగు రోజులపాటు ఒకరి రాత ఒకరు కొట్టేసుకున్నారు.

రాజు మురిసిపోయాడు. "ఏనుగుల వైద్యం గురించి ఎవరు బాగా రాస్తే వాళ్లే కొత్త గజవైద్యశాలకు అధిపతి" అన్నాడు.

వారం తిరక్కుండా గజశాల పెత్తందారు వీరకేసరి ఆ అధ్యాయం తెచ్చిపెట్టాడు. ఏనుగును దూరం నుంచి చూడడమే తప్ప, దాని ఒంటి మీద చెయ్యి వేసిన పాపాన పోలేదాయన.

మర్నాడు గ్రంథంలో 'వీరకేసరి' అని మరో అధ్యాయం వెలిసింది. 'ఈ మహానుభావుడు తాను రాసిన వైద్యంతోనే వంద ఏనుగుల జ్వరం కుదిర్చాడు. నేను కళ్లారా చూశాను. ఇట్లు, ఒక బాటసారి' అని ఉంది. ఆ బాటసారి ముసుగు వేసుకుని వచ్చాడు. వచ్చింది మాత్రం పల్లకీలో! తిప్పన ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు.

తరువాత ఏనుగు వైద్యం చదవడం మొదలుపెట్టాడు. జ్వరం దగ్గరికి వచ్చి ఆగాడు. మళ్లీ చదివాడు. పొట్ట పట్టుకుని నవ్వి, తిన్నగా గజశాలలో ఏనుగులకు నిజంగా వైద్యం చేసే మావటి ఎర్రన్న ఇంటికి వెళ్లాడు.

ఎర్రన్న తల పట్టుకుని కూర్చున్నాడు. "పదవి రాగానే పెత్తందారు నన్ను కొలువులోంచి తీసేస్తాడంట తిప్పన్నా. ముప్పై ఏళ్లుగా ఏనుగులే నా బతుకు. ఇప్పుడు ఎక్కడికి పోను?"

"నీ మీద ఆయనకెందుకంత కోపం?"

"కోపం కాదు, భయం. ఆ వైద్యమంతా మా తాత, నేనూ రాసుకున్నది. ఒకసారి చూసిస్తానని కట్ట పట్టుకెళ్లాడు. నేనెక్కడ నోరు విప్పుతానో అని బెంగ."

ఎర్రన్న భార్య చెన్నమ్మ ఆ తాటాకుల కట్ట తెచ్చి ముందు పడేసింది.

"తాడు తెంపి, తోచినట్టు మళ్లీ కట్టి పంపాడయ్యా. ఆకులన్నీ తారుమారు. చివర నా ఆవకాయ రాసుకున్న ఆకులు ఉండాలి. అవి పోయి జ్వరం ఆకు పక్కన కూర్చున్నాయి, చూడు!"

తిప్పన చూశాడు. అంతా అర్థమైంది. ఎర్రన్న మీద జాలి, వీరకేసరి మీద మంట, రెండూ ఒక్కసారే కలిగాయి. కట్ట ఉత్తరీయంలో చుట్టుకుని లేచాడు.

మర్నాడు నిండు సభలో వీరకేసరికి పదవి ఇవ్వబోతుండగా తిప్పన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఈ వైద్యం మీరు సొంతంగా రాసిందేనా?"

"అక్షరం అక్షరం నాదే! ప్రతిదీ నా చేత్తో చేసి చూసిందే!" అన్నాడు వీరకేసరి మీసం దువ్వుతూ.

"మా అదృష్టం! పట్టపుటేనుగుకు పొద్దుటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉందట. మీరు రాసిన సరంజామా అంతా తెప్పించాను."

నలుగురు సేవకులు పెద్ద జాడీ ఒకటి మోసుకొచ్చి దించారు. వెనకే ఆవపిండి, కారం, ఉప్పు, నూనె.

"ఇదేమిటి?" అన్నాడు రాజు.

తిప్పన గ్రంథం తీసి గట్టిగా చదివాడు.

"ఏనుగుకు జ్వరం వస్తే నీడపట్టున నిలబెట్టి, ఒళ్లంతా గుడ్డతో తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు పట్టించి, నూనె పోసి జాడీలోకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టాలి. మూడో రోజున తిరగకలిపి వేడి అన్నంలోకి వడ్డించాలి!"

సభ ఘొల్లుమంది. వీరకేసరి గబగబా చేతులు జోడించాడు.

"నకలు రాసిన రాయసగాడి పొరపాటు ప్రభూ! ఏనుగును జాడీలో పెట్టడమేమిటి?"

"అంత మాట అనకండయ్యా! మీరు ఇలాగే వంద ఏనుగుల జ్వరం కుదిర్చారని బాటసారి కళ్లారా చూశాడు కదా!"

ఏనుగును జాడీలో పెట్టడమా, బాటసారిని వదులుకోవడమా? వీరకేసరి ఎక్కువసేపు ఆలోచించలేదు.

"వాడు పచ్చి అబద్ధాలకోరు ప్రభూ! వాడి మాట నమ్మకండి!"

రాజు ముఖం ఎర్రబడింది. "నా గ్రంథంలో అబద్ధం రాస్తాడా? వాడి చేత ఏడాదిపాటు గజశాలలో పేడ ఎత్తించండి! ఎక్కడున్నాడు వాడు?"

తిప్పన వంగి దండం పెట్టాడు.

"తమరి ఎదురుగానే ఉన్నాడు ప్రభూ. పల్లకీ మోసిన బోయీలు బయటే ఉన్నారు, కావాలంటే అడగండి. తన గురించి తాను రాసుకున్నదంతా అబద్ధమని ఇప్పుడే ఒప్పుకున్నాడు."

తిప్పన ఎర్రన్న కట్ట తీసి, జ్వరం ఆకు పక్కనున్న చెన్నమ్మ ఆవకాయను రాజుకు చూపించాడు.

రాజు అది చదివి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు. ఎర్రన్నను పిలిచి గజవైద్యశాల తాళాలు చేతిలో పెట్టాడు. వీరకేసరికి మాత్రం ఒక గంప ఇప్పించాడు.