పందెపు గుర్రానికి బదులు

రాళ్ళగెడ్డకి ఈ పక్క కొండ, ఆ పక్క అడవి. కొండవాగునే ఆ ప్రాంతంలో గెడ్డ అంటారు. దాని మీద వంతెన లేదు. అవతలికి వెళ్ళాలంటే మోకాలి లోతు నీళ్ళలో దిగి, నున్నటి రాళ్ళ మీద అడుగు చూసి అడుగు వేసుకుంటూ దాటాల్సిందే. కొండ మీద కాపురముంటున్న కొండముచ్చు సూరీడమ్మకి ఆ దాటడం దాదాపు రోజూ తప్పదు. ఆమె మంత్రసాని. కుందేలుకి నొప్పులొచ్చినా, అడవిపందికి నొప్పులొచ్చినా కబురు ఆమెకే వస్తుంది.

ఇరవై ఏళ్ళు కాళ్ళనే నమ్ముకుని తిరిగింది. మోకాళ్ళు పట్టేశాక, ఎక్కి తిరగడానికి ఒక జంతువుని చూడమని మొగుడు పైడిరాజుకి చెప్పింది. ఆ మహానుభావుడు వెళ్ళి ఏం తెచ్చాడంటే, పందెపు గుర్రాన్ని తెచ్చాడు. పేరు తుపాను.

మైదానంలో వదిలితే తుపాను పరుగు కంటికి ఆనదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ కొండ మీద మైదానం ఎక్కడుంది? నానబెట్టిన ఉలవలు తప్ప ముట్టడు. వీపు మీద ఒక్కరికే చోటు. మందుల సంచీ తగిలిస్తే ఒరుసుకుంటోందని విదిలించి పారేస్తాడు. రాయి కనిపిస్తే వద్దన్నా ఆగిపోతాడు. కాన్పు ఇంటి ముందు ఆగమంటే మాత్రం ఆగడు, పక్క కొండ దాకా పోయి మర్నాడు దొరుకుతాడు.

పోయినేడు అవతలి ఒడ్డున లేడి ఎర్రెమ్మకి తొలి కాన్పు. కూన అడ్డం తిరిగింది. గెడ్డ దగ్గరికి రాగానే తుపాను, "నా డెక్కలకి తడి పడదు," అని ఆగిపోయాడు. బతిమాలింది, తిట్టింది, కొట్టింది. ఆఖరికి పట్టేసిన మోకాళ్ళతో తనే దిగి, పడుతూ లేస్తూ దాటింది. వెళ్ళేసరికి కూన చల్లబడిపోయి ఉంది. ఎర్రెమ్మ ఏడవకుండా దాన్నే నాకుతూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచీ సూరీడమ్మ గుండెల్లో కోపం కుతకుతా ఉడుకుతూనే ఉంది. సగం మొగుడి మీద, సగం తన మీద. ఇంకో కాన్పుకి చూద్దాం, ఇంకో నెలకి మారుద్దాం అని పైడిరాజు అంటుంటే ఏడాది పాటు ఎలా ఊరుకుందో ఆమెకే తెలియదు.

ఇప్పుడు ఎర్రెమ్మకి మళ్ళీ నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది.

సంత రోజు పొద్దున్నే సూరీడమ్మ సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడింది. "లేవయ్యా. ఈ గుర్రాన్ని ఇచ్చీసి ఇంకోటి తెచ్చుకుందాం."

"తుపానుని ఇచ్చీడవేటే? నలుగురూ ఆగి మరీ సూసేది దాన్నే గదా."

"నలుగురూ ఆగి సూస్తన్నారు. నాను గెడ్డ కాడ ఆగిపోతన్నాను."

పైడిరాజు గొణుక్కుంటూ లేచాడు. "సరే, మారుద్దాం. గాని వొచ్చేది పరుగులో తుపానుకి తీసిపోకూడదు. మెడ పొడుగ్గా ఉండాల. ఒళ్ళు మెరవాల. మీ అన్నదమ్ములు సూసి కుళ్ళుకోవాల. అలగని తిండి ఎక్కువ తినకూడదు. సంచీ మొయ్యాల, గెడ్డా దాటాల."

"అలాటిది బెమ్మదేవుడు ఇంకా పుట్టించలేదు."

"తవిటయ్యనడుగుదాం. ఆడికాడ ఉంటాది."

అప్పటిదాకా వింటున్న తుపాను మెడ ఎత్తాడు. "నన్నొక్క మాట అడగరేం? నాకు మాత్రం ఈ రాళ్ళ బతుకు ఇష్టమా? నన్ను మైదానానికి పంపించెయ్యండి, మీ పేరు చెప్పుకుంటాను."

ఆ మాటకి సూరీడమ్మ కొంచెం మెత్తబడింది. "నీ తప్పేటీ లేదురా. పరిగెట్టడానికి పుట్టినోడివి. నిన్ను నా గుమ్మంలో కట్టినోడిది తప్పు." మొగుడు ఆకాశం వంక చూశాడు.

సంత గెడ్డకి ఈ పక్కనే, ఇప్పచెట్ల కింద. అక్కడ బేరగాళ్ళలో నక్క తవిటయ్యని మించినవాడు లేడు. అవతలి ఒడ్డు నుంచి వారం వారం వస్తాడు. ఇవాళ ఒక ఇప్పచెట్టు మొదట్లో వాడి పగ్గాలకి మూడు జంతువులున్నాయి. నిగనిగలాడే కంచరగాడిద ఒకటి. కొమ్ములకి నూనె పూసి వయసు దాచిన ముసలి ఎద్దొకటి. వెనకాల, ఎవరూ చూడని చోట, మూటలు మోస్తూ ఒక బూడిద రంగు గాడిద.

తుపానుని చూడగానే తవిటయ్య కళ్ళు వెలిగాయి. రాబోయే పందేలకి అలాంటి గుర్రం కోసమే చూస్తున్నాడు. ఆ వెలుగుని చటుక్కున దాచేసుకున్నాడు.

"రండి పైడిరాజు బావూ. సూరీడమ్మ తల్లీ, నీకోసమే ఉంచేను దీన్ని." కంచరగాడిద మెడ నిమిరాడు. "దీని తల్లి పందెపు గుర్రం, తండ్రి గాడిద. పరుగు తల్లిది, ఓపిక తండ్రిది. రెండూ ఒక్కదాన్లోనే. ఇంటికి వాడుకో, ఊరేగింపుకీ వాడుకో."

పైడిరాజు అప్పుడే మూడుసార్లు దాని చుట్టూ తిరిగేశాడు. "ఇదే. నాను సెప్పలేదూ? ఇదే."

"ఎంత నిదానంగా నిలబడ్డాడో సూడు తల్లీ. ఈగ వాలినా కదలడు."

నిజమే, కదలడం లేదు. సూరీడమ్మ దగ్గరికి వెళ్ళి దాని మొహంలోకి చూసింది. కళ్ళు సగం మూతలు పడి ఉన్నాయి. కింది పెదవి వేలాడుతోంది. ముక్కు దగ్గర ఏదో పుల్లటి వాసన.

"ఓసారి నడిపించు," అన్నాడు పైడిరాజు.

తవిటయ్య నడిపించాడు. కంచరగాడిద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తూలుతూ వేసింది. "హంసనడక," అన్నాడు తవిటయ్య సిగ్గులేకుండా.

"నాకు నడకొద్దు, పరుగొద్దు," అంది సూరీడమ్మ. "దీని ఆగడం సూడాల. పొద్దు వాలేదాకా ఇక్కడే కూకుంటాను. ఇది ఇలాగే నిలబడితే అప్పుడు సూద్దాం."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తోడేలు ఒకడు, "పరుగు సూసి కొన్నోళ్ళని సూసేను గాని, ఆగడం సూసి కొనేదాన్ని ఈ పొద్దే సూస్తన్నాను," అన్నాడు.

సూరీడమ్మకి ఒళ్ళు మండింది. "నా పనిలో సగానికి పైన ఆగడమేరా. ఎల్లడం ఒక గడియ. కాన్పు తేలడానికి నాలుగు గడియలు, ఒక్కోపాలి పొద్దల్లా. నాను లోపలుంటే బయట ఎవుడు కాపలా కాస్తాడు? నువ్వు కాస్తావా?"

తోడేలు పక్కకి తప్పుకున్నాడు. తవిటయ్యకి మాత్రం చెమటలు పట్టాయి. పొద్దు వాలేదాకా ఆగితే కొంప మునుగుతుంది, అది ఎందుకో వాడికే తెలుసు. ఆమెని మాటతో కట్టిపడేయాలని గొంతు పెంచాడు. సంత పెద్ద అయిన ముసలి వృషభం సింహాద్రి తాత వినేలా అన్నాడు.

"అంత అనుమానమైతే అందరి ముందూ సెప్తన్నాను. నా పగ్గం కట్టినవాట్లో నీకు ఏది నచ్చితే అది తీసుకో. గుర్రాన్ని నాకు ఒగ్గీ. మాటంటే మాట. గాని బేరం ఇప్పుడే తేలిపోవాల."

"ఏదైనానా?" అని అడిగాడు సింహాద్రి తాత.

"ఏదైనా."

"తేలుద్దిలే," అని సూరీడమ్మ సంచీ తీసుకుని చెట్టు వెనక్కి వెళ్ళింది. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. బూడిద రంగు గాడిద నీడలో కూర్చుంది. గాడిద కాస్త జరిగి, నీడ బాగా పడేలా నిలబడింది. అడగకుండానే ఆ పని చేసింది.

"నీ పేరేటమ్మా?"

"గవిరి."

"నువ్వూ అమ్మకానికేనా?"

"నన్నెవరు కొంటారమ్మా? తవిటయ్యని, ఆడి మూటల్ని తెస్తాను, తీసుకెల్తాను. పదకొండేళ్ళయింది."

"గెడ్డ దాటే?"

"గెడ్డ దాటకుండా ఎలగ వొస్తాం? వానాకాలమైతే నీళ్ళు పొట్ట దాకా వొస్తాయి. రాళ్ళు నాకు తెలుసు."

సూరీడమ్మ గొంతు తగ్గించింది. "ఆ కంచరగాడిదకి పొద్దున్నేటి పెట్టేడు?"

గవిరి చెవులు ఒకసారి ఆడించింది. "అడిగేవు గాబట్టి సెప్తన్నాను. కుండెడు కల్లు తాగించేడు. అది నిన్ననే ఇద్దర్ని తన్నింది. ఎండ నెత్తికెక్కితే మత్తు దిగిపోద్ది."

సూరీడమ్మ లేవబోతుండగానే చెట్టు మీద వాలిన గోరింక అరిచింది. "సూరీడమ్మా, ఎర్రెమ్మకి నొప్పులొచ్చేశాయి. ఈపాలి కూడా అడ్డం తిరిగినట్టుంది. నిన్నే తలుస్తోంది."

పోయినేడు కూన ఒంటి చల్లదనం చేతులకి మళ్ళీ తగిలినట్టయింది. పైడిరాజు పరిగెత్తుకొచ్చాడు. "ఇంకేటి సూస్తావే? కంచరగాడిదని తీసీసుకో. నాను ఎక్కి తెస్తాను," అంటూనే వెళ్ళి దాని వీపు మీదికి దూకాడు.

ఎండ అప్పటికి నడినెత్తికి వచ్చింది. కంచరగాడిద కళ్ళు రెండూ పూర్తిగా తెరిచింది. వీపు మీద ఎవరున్నారో వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత పైడిరాజు పచ్చిమిర్చి బుట్టల్లో ఉన్నాడు. ముసలి ఎద్దు పగ్గం తెంపుకుని పారిపోయింది. తవిటయ్య కంచరగాడిద పగ్గం పట్టుకుని దాని వెనక దుమ్ములో దొర్లుతూ, "నిదానమే, నిదానమైందే," అని అరుస్తున్నాడు.

ఆ గోలలో గవిరి ఒక్కతే నిలబడ్డచోటే నిలబడి ఉంది.

"సింహాద్రి తాతా," అంది సూరీడమ్మ. "తవిటయ్య పగ్గం కట్టినవాట్లో నాకు నచ్చింది ఇది. గుర్రం అక్కడుంది, తీసుకోమను."

తవిటయ్య దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. "అదెలగ? అది నా సొంతానికి. అమ్మడానికి కాదు."

"ఏదైనా అన్నావు గదరా," అన్నాడు తాత. "దీని మెడలో ఉన్నది నీ పగ్గమా, కాదా?"

"నాదే. గాని ఇది లేపోతే ఈ మూటలతో గెడ్డ దాటి నానింటికెలగ ఎల్లేది?"

సూరీడమ్మకి అప్పటిదాకా ఆపుకున్న కోపం ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఓరి దగుల్బాజీ. నీ ఇంటికి నువ్వు సల్లగా ఎల్లాల. నాను మాత్రం కల్లు తాగినదాన్నెక్కి గెడ్డలో పడాల, అక్కడ ఎర్రెమ్మ కూన ఇంకోటి సచ్చిపోవాల. అంతేనా? నీకు మంచిదేదో నీకు తెలుసు. దాన్ని చెట్టెనక దాచేవు."

తాత తల ఊపాడు. బేరం అయిపోయింది.

ఆమె గవిరి వైపు తిరిగింది. "ఆడి మాట అయింది. నీ మాటేటి? నాతో వొస్తావా?"

"మూటలు దించీ. మొయ్యాల్సింది నువ్వూ, సంచీయేనా?"

"అంతే. గాని అక్కడ చాలాసేపు ఆగాల."

"ఆగడమే గదా నాకు తెలిసిన పని," అంది గవిరి. సూరీడమ్మ ఎక్కి కూర్చుంది.

గవిరి పరిగెత్తలేదు. కానీ ఎక్కడా ఆగలేదు. గెడ్డలో దిగేముందు వాసన చూసింది, ఒక్కో రాయి వెతుక్కుంటూ దాటింది. ఎర్రెమ్మ ఉన్న పొదల ముందు దించాక, "ఇక్కడే ఉంటాను," అంది. ఎవరూ కట్టెయ్యలేదు.

కూన నిజంగానే అడ్డం తిరిగింది. సూరీడమ్మ చెయ్యి పెట్టి సర్దడానికి జాముసేపు పట్టింది. కూన ముందు ఊపిరి తీసుకోలేదు. తర్వాత తుమ్మింది. ఎర్రెమ్మ దాన్ని నాకుతూ నాకుతూ ఏడ్చింది. పోయినేడు ఏడవనిది ఇప్పుడు ఏడ్చింది.

సూరీడమ్మ చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. గవిరి దించిన చోటే ఉంది. ఒక్క అడుగు కూడా జరగలేదు. ఆమె దాని మెడ మీద తల ఆనించింది.

"నిన్ను పోయినేడే అడగాల్సింది," అంది. ఆ మాటలో ఏడుపు ఉంది, కోపం కూడా ఉంది. గవిరి చెవులు వెనక్కి వాల్చింది.

తిరిగి వస్తుంటే సంత వైపు ఒడ్డున మూటల మధ్య తవిటయ్య కూర్చుని ఉన్నాడు. ఒక పక్క తుపాను, ఒక పక్క కంచరగాడిద. తుపాను నీళ్ళ వంక చూడడం కూడా మానేసి, మైదానం ఎటువైపో అడుగుతున్నాడు. కంచరగాడిదని దగ్గరికి రమ్మంటే కాలు లేపుతోంది. పైడిరాజు మంటలెత్తే ఒంటితో కొంచెం ఎగువన నీళ్ళలో మునిగి ఉన్నాడు. పెళ్ళాన్ని చూసి ఇంకొంచెం మునిగాడు.

"సూరీడమ్మ తల్లీ," అన్నాడు తవిటయ్య. "గవిరిని ఒక్కపాలి ఇయ్యి. అవతల దిగీసి పంపించేస్తాను. ఇంటికాడ పిల్లలు సూస్తంటారు."

గవిరి రాళ్ళు వెతుక్కుంటూ ఇవతలి ఒడ్డెక్కింది. వాడి ఎదురుగా వచ్చాక సూరీడమ్మ కంచరగాడిద వైపు చెయ్యి చూపించింది.

"పరుగు తల్లిది, ఓపిక తండ్రిది అన్నావు. ఎక్కు."

అని, వెనక్కి తిరక్కుండా గవిరిని కొండ వైపు మళ్ళించింది.

అమ్మేవాడు దేన్ని పొగుడుతున్నాడో వినేముందు, వాడు ఇంటికి దేన్నెక్కి వెళ్తాడో చూసుకోవాలి.