పక్కింటి పెరట్లో మూడో మనిషి

సామర్లకోటలో పేర్రాజు అనే రిటైరైన రైల్వే గుమాస్తా ఉండేవాడు. గోడ అవతల ఏం జరుగుతోందో తెలుసుకోకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు.

ఒకసారి వాళ్ళ వీధిలో ఎవరిదో సైకిల్ పోయింది. అదే సందని పేర్రాజు తన ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించాడు. మూడు తన గేటునీ, గుమ్మాన్నీ, మేడమెట్లనీ చూసేవి. నాలుగోదాన్ని మాత్రం డాబా పిట్టగోడ మీద, పక్కింటి పెరటివైపు తిప్పి బిగించాడు. "దొంగ అటునుంచి దూకితేనో?" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఆ కెమెరా మాటలు కూడా పట్టుకునేది. మనిషి కనిపిస్తే చాలు, పేర్రాజు ఫోన్ టింగుమనేది. తెర మీద ఆ మనిషి చుట్టూ ఆకుపచ్చ గీతలతో ఒక చట్రం పడేది. మనిషి ఎటు నడిస్తే చట్రం అటు నడిచేది.

"కంచం ముందు కూర్చుని ఆ ఫోనేమిటండీ?" అనేది భార్య సుభద్ర. "వాళ్ళింటి గుత్తొంకాయ చూస్తే మనింటి బీరకాయకి రుచొస్తుందా?"

"భద్రత విషయం నీకేం తెలుసే!" అనేవాడు పేర్రాజు.

పక్కింట్లో మాణిక్యాంబ అనే ఎనభై ఏళ్ళ పెద్దావిడ, కొడుకు విశ్వం దగ్గర ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, తడిబట్టతోనే తులసికి నీళ్ళు పోసేది. తర్వాత పెరట్లో పీట వేసుకుని, ఎండలో తల ఆరబెట్టుకుంటూ నామాలు చదువుకునేది. కెమెరా పెట్టిన వారానికే ఆవిడ గోడ దగ్గరికి వచ్చింది.

"నాయనా పేర్రాజూ, దాన్ని కాస్త పక్కకి తిప్పవయ్యా. తడిబట్టతో బయటికి రావాలంటే ప్రాణం చచ్చిపోతోంది."

"అది మిమ్మల్ని చూడదు పిన్నిగారూ, దొంగల్ని చూస్తుంది."

"నువ్వు చూస్తావుగా నాయనా!"

పేర్రాజు నవ్వేసి ఊరుకున్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. మళ్ళీ పెరట్లోకీ రాలేదు. కార్తీకమంతా గడప లోపల నిలబడే తులసికి దణ్ణం పెట్టుకుంది. మార్గశిరం వచ్చేసరికి, ఎండ సోకని గదిలో ఆవిడకి దగ్గు పట్టుకుంది. పది రోజులు మంచం మీద ఉండి కన్ను మూసింది.

మూడో రోజు పిట్టకి పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించి ఆరుబయట పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లోవాళ్ళు పచ్చి మంచినీళ్ళయినా తాగరు. ముట్టకపోతే, పోయినవారి మనసులో కోరిక ఏదో మిగిలిపోయిందని అర్థం. అప్పుడు బిడ్డలు ఆకు దగ్గరికి వెళ్ళి, అది తీరుస్తామని గొంతు తగ్గించి మాటిస్తారు. ఆ మాటలు పోయినవారి కోసమే. పరాయివాళ్ళు వినకూడదు.

పేర్రాజు తన హాల్లో ఫోన్ పట్టుకుని కూర్చుని వింటున్నాడు.

మిట్టమధ్యాహ్నం అయింది. పెరటిగోడ మీద పది పన్నెండు కాకులు వాలి ఉన్నాయి. ఒక్కటీ అరవలేదు. ఒక్కటీ ఆకు వైపు చూడలేదు. తెర మీద రెండు చట్రాలు కనిపిస్తున్నాయి. ఒకదాంట్లో విశ్వం, రెండోదాంట్లో అతని అక్క హైమ.

"అమ్మా, అక్కతో మాటలు మానేశానని కుమిలిపోయేదానివి. ఇక మానను. వచ్చి ముట్టమ్మా," అన్నాడు విశ్వం.

"చూశావటే, అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవట!" అని పేర్రాజు వంటింటి వైపు కేకవేశాడు.

అప్పుడే ఫోన్ టింగుమంది.

తెర మీద మూడో చట్రం పడింది. తులసికోట పక్కన, ఖాళీ నేల మీద. అందులో మనిషి లేడు. పేర్రాజు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. చట్రం అక్కడే ఉంది. ఓ మనిషి పీట మీద కూర్చుంటే ఎంత ఎత్తుంటుందో అంతే ఉంది. ఆకు కదిలిందేమో, నీడేమో అనుకున్నాడు. పెరట్లో గాలి కూడా లేదు.

చట్రం మెల్లగా లేచింది. నిలబడ్డ మనిషంత అయింది.

"విశ్వం," అంది హైమ, కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మ కోరిక మన దగ్గర లేదురా. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. 'తులసి దగ్గర ఓ పూట ఎండలో కూర్చోవాలని ఉందే, ఆ పక్కింటి అబ్బాయి చూస్తున్నాడే' అనేది. అది మనం ఎలా తీరుస్తాం?"

ఆ మాటతో గోడ మీది కాకులన్నీ ఒక్కసారి తలలు తిప్పాయి. తెరలోంచి తిన్నగా పేర్రాజు వైపు చూశాయి. చట్రం పెరడు దాటి ముందుకి వస్తోంది. ఒక్కో అడుగుకీ పెద్దదవుతోంది. ఫోన్ టింగు టింగుమని మోగుతూనే ఉంది. చివరికి ఆ ఆకుపచ్చ గీతలు తెర నాలుగు అంచులకీ ఆనుకుని ఆగిపోయాయి.

పేర్రాజుకి జీవితంలో మొదటిసారి, తనని ఎవరో చూస్తున్నట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. దాక్కుందామంటే తన ఇంట్లోనే తనకి చోటు కనబడలేదు.

"నారాయణ, నారాయణ" అనుకుంటూ డాబా మెట్లెక్కాడు. మరలు ఊడదీసి కెమెరాని పెకలించాడు. పక్కింటి పెరటికి వీపు తిప్పి నిలబడి, "పిన్నిగారూ, తప్పయిపోయింది. ఇక రండమ్మా, కూర్చోండి," అన్నాడు.

వెనక రెక్కల చప్పుడైంది. "ముట్టింది అక్కా! ముట్టింది!" అని విశ్వం ఏడుస్తూ అరిచాడు. చూడాలని పేర్రాజు మెడ లాగేసింది. అయినా తల తిప్పలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, కెమెరాలో తాను చూసిందీ, విన్నదీ దాచకుండా చెప్పి చేతులు జోడించాడు. హైమ కోప్పడలేదు.

"అమ్మ అడిగిందిగా పేర్రాజుగారూ," అంది నెమ్మదిగా. "అడిగిన రోజున తిప్పి ఉంటే, ఈ దణ్ణం ఆవిడే అందుకునేది. నేనేం చేసుకోను దీన్ని?"

పేర్రాజు తలవంచుకుని ఇంటికి నడిచాడు.

కాబట్టి పిల్లలూ, మన ఇంటికి కాపలా పెట్టుకోవడం జాగ్రత్తే గానీ, పక్కింటి గోడ దాటి చూడటం వాళ్ళ నిశ్చింతని దొంగిలించడమే. ఆ చూపు తిప్పుకోమని ఎవరైనా అడిగితే, అడిగిన క్షణమే తిప్పుకోవాలి.