ఏతం మీద కొత్త మెట్టు

చెప్పు ముందు. కథ ఆ తర్వాత. ఇవాళ బడి తోటలో తూగుడు బల్ల మీద ఏమైంది? ముక్కు తుడుచుకుని చెప్పు.

"అటు కొసన ఆ లావుపాటి వీరేశు కూర్చున్నాడు అమ్మమ్మా. నేను పైనే ఉండిపోయాను. ఎంత తన్నుకున్నా కిందికి దిగలేదు. దూదిపింజ, దూదిపింజ అని అందరూ నవ్వారు."

నవ్వనీ! తేలిగ్గా ఉండటం తప్పేం కాదు. ఆ నవ్వులన్నీ మా అమ్మ ఏనాడో తొక్కేసింది. ఇలా దగ్గరికి రా. దుప్పటి కప్పుకో. విను.

అనగనగా ఒక ఊళ్ళో ముత్యాలు అని ఒక పిల్ల ఉండేది. ఆవిడే మా అమ్మ. అప్పటికి నీకంటే కాస్త పెద్దది, అంతే. సన్నగా చీపురుపుల్లలా ఉండేది. వాళ్ళ నాన్న సూరన్న. అమ్మ నర్సమ్మ. వాళ్ళకి ఉన్నది ఒక చిన్న చోడి చేను, అదే రాగి చేను, ఒక నుయ్యి, నూతి మీద ఒక ఏతం.

ఏతం నువ్వు చూడలేదు కదూ. నూతి పక్కన ఒక గుంజ. గుంజ మీద అడ్డంగా పొడుగాటి దూలం, అచ్చం నీ బల్లలాగే. దూలానికి నూతి వైపు కొసన వెదురు గెడ, గెడకి ఇనప బాన. మనిషి దూలం మీద నూతి వైపు నడిస్తే బాన నీళ్ళలో మునుగుతుంది. వెనక్కి నడిస్తే నిండు బాన పైకి లేస్తుంది. గట్టు మీద ఇంకొకరు దాన్ని వంచి కాలవలో పోస్తారు. సూరన్న తొక్కేవాడు, నర్సమ్మ పోసేది. ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ, ఆయన ఆగి నిలబడే చోట దూలం మీద మెట్టులాగా నున్నటి గుంట పడింది.

ఆ ఏడు వాన రాలేదు. చోడి చేను తల వాల్చేసింది. సరిగ్గా అప్పుడే సూరన్న గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. చేను ఎండితే ఇంట్లో అంబలి ఉండదు. అంబలి లేకపోతే ముత్యాల్ని కామందు ఇంట్లో పశువుల పనికి పెట్టాలి. ఆ మాట పిల్ల చెవిన పడింది.

తెల్లారేసరికి ముత్యాలు పావడా ఎగ్గట్టి దూలం ఎక్కేసింది.

పక్క చేను గంగులు చూశాడు. "ఏటే గుంటా, ఆడపిల్ల ఏతం తొక్కితే నుయ్యి ఎండిపోద్ది!" అన్నాడు.

"నీ నూతి మీద ఏ ఆడపిల్లా తొక్కలేదు కదా మావా, అదెందుకు ఎండిపోనాది?" అంది ముత్యాలు.

అప్పుడు ముత్యాలు బానని ముంచింది. వెనక్కి నడిచి, నాన్న మెట్టులో సరిగ్గా నాన్న నిలబడ్డట్టే నిలబడింది. నాన్న అడుగులో అడుగు వెయ్యాలని కదా ఆ ఇంట్లో నేర్పింది! బాన కదల్లేదు. గెంతింది. అయినా కదల్లేదు.

ఆ తర్వాత దూలం వెనక కొసకి, అదే తోకకి, ఒక బండరాయి కట్టింది. బాన దానంతటదే పైకి లేచింది. గట్టు మీద నర్సమ్మ సంబరపడింది. కానీ ఇంకోసారి ముంచాలి కదా? ముత్యాలు నూతి వైపు కొసదాకా వెళ్ళి నిలబడినా ఖాళీ బాన కిందికి దిగలేదు. రాయి ఒక్క చోటే ఉంటుందమ్మా, నడవదు. ఏతానికి నడిచే బరువు కావాలి.

గంగులు పొట్ట పట్టుకుని నవ్వాడు. ముత్యాలు ఏడుస్తూ రాయి విప్పేసింది.

అప్పుడు నర్సమ్మ గట్టు మీంచి ఒక్క కేక పెట్టింది. "మీ నాన్న బరువు నీకెక్కడిదే? ఆయన మెట్టులో నువ్వెందుకూ? నీ చోటు నువ్వు చూసుకో!"

ముత్యాలు కళ్ళు తుడుచుకుంది. నాన్న మెట్టు దాటింది. అక్కడినుంచి తోక దాకా దూలం గరుకుగా ఉంది, అటు ఎవరూ నడవలేదు. కోపం మీద పరుగెత్తింది. తోక దభీమని నేలకి కొట్టుకుంది. బాన ఎగిరి నీళ్ళన్నీ నర్సమ్మ నెత్తిన పడ్డాయి. దూలం ఆగింది గానీ పిల్ల ఆగలేదు, ఆ ఊపుకి వెళ్ళి మట్టిలో బోర్లా పడింది. పరుగు మనం మొదలుపెట్టినంత సులువుగా ఆగదు మరి!

పడ్డా సరే, నవ్వింది. బాన లేచింది కదా!

ఆ తర్వాత మెల్లగా తొక్కింది. మెల్లగా కొసదాకా ఎక్కడం, మెల్లగా దిగడం. దూలం నడుమ నుంచి ఎంత దూరం జరిగితే చిన్న బరువు అంత పెద్ద పని చేస్తుంది. అయితే ఊరికే చెయ్యదు సుమా. నాన్న కంటే ఎక్కువ దూరం నడవాలి, నాన్న కంటే ఎక్కువ ఎత్తు ఎక్కాలి. బరువు తక్కువైనచోట దారి ఎక్కువైంది. ఆ కాళ్ళ సత్తువే నీళ్ళతో కలిసి పైకి వచ్చింది. సత్తువ ఎక్కడికీ పోదే అమ్మా, కాళ్ళలోంచి బానలోకి మారుతుంది, అంతే.

కాళ్ళు బొబ్బలెక్కాయి. బొబ్బలు పగిలాయి. పగిలినచోట కాయలు కాశాయి. ముత్యాలు ఏతం దిగలేదు. చేను తలెత్తింది, కంకి వేసింది. ఇంటినిండా చోళ్ళు. కామందు కబురు పంపితే నర్సమ్మ, "మా పిల్లకి తీరిక లేదని చెప్పు" అంది.

కాలు అతుక్కున్నాక సూరన్న కర్ర పొడుచుకుంటూ నూతి దగ్గరికి వచ్చాడు. ఉలి తీసుకుని దూలం చివర, ఆ గరుకు మీద, చిన్న పాదం పట్టేంత కొత్త మెట్టు చెక్కాడు.

"ఏటి సూరన్నా అది?" అని అడిగాడు గంగులు.

"నా కూతురి మెట్టు. ఒకసారి నువ్వెక్కు చూద్దాం!"

గంగులు ఎక్కలేదు.

బాన గట్టుకి, నీళ్ళు చేనుకి,
కథ కంచికి, మనం పడకకి!

ఆగు, అప్పుడే కళ్ళు మూయకు. రేపు ఆ బల్ల కొసన నువ్వు కూర్చుంటావు, సరే. మరి వీరేశుని ఎక్కడ కూర్చోమంటావు?