దారాల బుట్టకు అటూ ఇటూ

సముద్రపు ఒడ్డున ఉప్పాడలో లోవరాజు అనే నేతగాడు ఉండేవాడు. మగ్గం మీద అతని చేతికి తిరుగులేదు గానీ, కట్టుకున్న భార్య చెయ్యి పట్టుకోవాలంటే మాత్రం సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఆ ఊరికి పేరు తెచ్చిన జాందానీ చీర ఒక్కరు నేసేది కాదు. ఒకే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఎవరి సగంలో పువ్వులు వాళ్లు చేత్తో ఎక్కిస్తూ నెయ్యాలి. లోవరాజు, అతని భార్య నూకరత్నం అలాగే నేసేవారు. కానీ భుజం భుజం తగలకుండా లోవరాజు మధ్యలో దారాల బుట్ట పెట్టేవాడు.

“ఈ బుట్ట తీసెయ్ బావా, ఇరుకైపోతోంది” అనేది రత్నం.

“వీధి తలుపు తీసుంది. ఎవరైనా చూస్తే?”

“చూస్తే ఏమవుద్ది? పక్కింటోడి పెళ్లాం పక్కన కూర్చున్నావా ఏంటి?”

అతనికి నవ్వొచ్చేది. బుట్ట మాత్రం కదిలేది కాదు. ప్రేమ లేక కాదు. ఆమెకిష్టమని రోజూ మల్లెపూలు తెచ్చేవాడు. తెచ్చి, గోడ మేకుకు తగిలించి వెళ్లిపోయేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి వాకిట్లో ఆమె జడలో పూలు తురిమితే, స్నేహితులు నెల్లాళ్లు ఆటపట్టించారు. ఆ రోజు నుంచీ ఇంతే.

ఆ ఏడు వానాకాలంలో రత్నం తల్లి పోయింది. పుట్టింట్లో కర్మలన్నీ అయ్యాక రత్నం తిరిగొచ్చి మగ్గం ముందు కూర్చుంది. చేతులు ఆడలేదు. కన్నీళ్లు చీర మీద పడకుండా పక్కకు తిరిగి కొంగుతో తుడుచుకుంది. లోవరాజు గుండె తరుక్కుపోయింది. ఆమె తల నిమరాలని చెయ్యి లేచింది. వీధిలో ఎవరిదో అడుగుల చప్పుడు. లేచిన చెయ్యి దిగిపోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి నేల మీద పెట్టి, “తాగు” అన్నాడు.

మూడు రోజులూ అంతే. నాలుగో రోజు ఉదయం రత్నం సంచి సర్దుకుంది.

“బావా, ఒక్క పోగు తెగితే ఎంత సుతారంగా నిమిరి ముడేస్తావు! నేను మూడు రోజులుగా తెగిపోయి కూర్చున్నాను. ఒక్కసారైనా ముట్టుకున్నావా? మా అన్నయ్య దగ్గరికి పోతున్నా. మళ్లీ వస్తానో రానో నాకే తెలీదు.”

ఆమె వీధి మలుపు తిరిగిపోయింది. మగ్గం ముందు ఆమె ఖాళీ చోటు చూసేసరికి లోవరాజు ఇక ఆగలేకపోయాడు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

బస్టాండు నిండా జనం. టీ కొట్టు దగ్గర ఆ పాత స్నేహితులే. పిఠాపురం బస్సు వచ్చి ఆగింది. రత్నం మెట్టు మీద కాలు పెట్టబోయింది. అందరూ చూస్తుండగా లోవరాజు వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఏరా లోవరాజూ, పట్టపగలే?” అని స్నేహితుల్లో గంగరాజు కేకేశాడు.

“అవున్రా, పట్టపగలే! నా పెళ్లాం ఏడుస్తుంటే నేను కాక నువ్వొచ్చి ఓదారుస్తావా?”

టీ కొట్టంతా గొల్లున నవ్వింది. ఈసారి తల దించుకున్నది గంగరాజు. లోవరాజు రత్నం తల నిమురుతూ, “తప్పయిపోయింది రత్నం. అత్త పోయిన బాధ నీ ఒక్కదానిదే అన్నట్టు వదిలేశాను” అన్నాడు.

రత్నం అతని భుజం మీద వాలిపోయి కరువుతీరా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తేలికపడింది.

“ఎక్కుతావా అమ్మా, లేదా?” అన్నాడు కండక్టరు.

“నువ్వు పోనియ్ బాబూ. నేను చేరాల్సిన చోటికి చేరిపోయా.”

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, పెళ్లి ఊరేగింపులా బజారు నడిమధ్య నుంచి ఇంటికి నడిచారు. చేపలమ్మే అవ్వ బుట్ట దించి మరీ చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం ఊళ్లో చాలామంది ఆడవాళ్లు మొగుళ్లని అడిగిన మాట ఒకటే: “చూశారా లోవరాజుని?”

నీతి: ప్రేమ మనసులో దాగి ఉంటే చాలదు, అది చేతిదాకా రావాలి; కాపురానికి అన్నం ఎంత అవసరమో, ఆప్యాయంగా తాకే చెయ్యీ అంతే అవసరం.