మ్యూజియం చూశాక ఎక్కడ తిందాం?

హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర అక్క ఇంట్లో కూతుర్ని ఉంచి, రాష్ట్రాలు దాటి వెళ్లి కరెంటు టవర్లు నిలబెట్టే రాజలింగానికి చేతికందినది ఏదీ ఒక పట్టాన నచ్చేది కాదు.

దీనికంటే మంచిది ఇంకెక్కడో ఉంటుందని అతనికి ఎప్పుడూ అనిపిస్తూ ఉండేది. ఒకసారి కూతురి పుట్టినరోజుకు గౌను కొందామని బయలుదేరి పదకొండు దుకాణాలు తిరిగాడు. ప్రతి గౌనుకూ ఒక వంక పెట్టాడు. చివరికి షట్టర్లు దించే వేళకు ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు. అలాగని పిసినారి కాదు, గొప్పలకు పోయేవాడూ కాదు. భార్య పోయి ఐదేళ్లయింది. కూతురు లాస్యకు ఎనిమిదో ఏడు. ఐదారు నెలలకోసారి రెండు రోజుల సెలవు దొరికేది. ఆ రెండు రోజుల్లో బిడ్డకు ఏది చేసినా అన్నిటికంటే మంచిదే చేయాలని అతని ఆరాటం.

ఆ ఏడు మార్చిలో అలాగే సెలవు మీద వచ్చాడు. శనివారం సాయంత్రం ఇల్లు చేరాడు. ఆదివారం సాయంత్రం ఏడున్నరకు మళ్లీ రైలు. మూసీ ఒడ్డునున్న మ్యూజియానికి తీసుకెళ్లమని లాస్య ఎప్పటినుంచో అడుగుతోంది. అక్క సుగుణ కూడా బయలుదేరింది. ముగ్గురూ పొద్దున్నే తలా రెండు ఇడ్లీలు తిని వెళ్లారు.

లాస్యకు మ్యూజియం ఎంతో నచ్చింది. గంట కొట్టే బొమ్మ గడియారం ముందు జనంలో తండ్రి భుజాలెక్కి కూర్చుంది. దంతంతో చెక్కిన చాపను చూసి, దాని మీద ఎవరైనా పడుకుంటారా అని అడిగింది. కత్తుల గదిలో మాత్రం ఆ పిల్ల మనసు వేరే ఎక్కడో ఉంది. తండ్రి చెయ్యి పట్టుకుని ఆగింది.

"బాపూ, నీకొకటి చెప్పాలి" అంది.

"చెప్పు తల్లీ."

లాస్య చుట్టూ చూసింది. ముందుకు నడవమని వెనకనుంచి జనం తోస్తున్నారు. "ఇక్కడ కాదు. మనం తినేటప్పుడు చెప్తా. నువ్వు నా ఎదురుగా కూర్చోవాలి" అంది.

రాజలింగం నవ్వి సరేనన్నాడు. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా సిగ్నల్ మధ్యలో తెగిపోయేది. ఇంట్లోనేమో సుగుణ దగ్గర చీరలకు ఫాల్స్ కుట్టించుకునే ఆడవాళ్లు వస్తూ పోతూ ఉండేవారు. అందుకే ఆ పిల్ల తన మాటను భోజనం వేళకు దాచుకుంది.

మూడు గంటలకు ముగ్గురూ బయటికి వచ్చారు. అందరికీ కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. రోడ్డు దాటగానే మేడ మీద ఒక టిఫిన్ హోటల్ ఉంది. మెట్లెక్కి చూశారు. కిటికీ పక్కన నలుగురు పట్టే బల్ల ఖాళీగా ఉంది. ఆ కిటికీలోంచి నది, వంతెన కనిపిస్తున్నాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దావిడ లాస్యను చూసి, పిల్లలకు కారం లేకుండా చిన్న నెయ్యి దోశలు వేయిస్తామని, మ్యూజియం చూసి అలసిన పిల్లలంతా ఇక్కడికే వస్తారని చెప్పింది. లాస్య అప్పటికే కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. తన ఎదుటి కుర్చీని చూపిస్తూ, "ఇక్కడ కూర్చో బాపూ" అంది.

రాజలింగం ఆ హోటల్‌ను కలయజూశాడు. బల్ల మీద తడిబట్టతో తుడిచిన చారలున్నాయి. ఫ్యాను కిర్రుమంటోంది. ఐదారు నెలలకోసారి వచ్చే తండ్రి బిడ్డకు దోశ తినిపించి రైలెక్కడమా అనుకున్నాడు. ఫోను తీసి, పిల్లలతో వెళ్లదగిన హోటళ్లు ఏవేవి ఉన్నాయో వెతికాడు. పెద్ద జాబితా వచ్చింది.

"లే తల్లీ. దీనికంటే మంచిచోటికి పోదాం" అన్నాడు.

లాస్య కుర్చీ దిగింది. పెద్దావిడ పిల్లకు గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది.

జాబితాలో అన్నిటికంటే దగ్గరిది బిర్యానీ హోటల్. నడిచి వెళ్లారు. కుటుంబాలు కూర్చునే పైగది నిండిపోయింది, పావుగంట ఆగమన్నారు. ఆ పావుగంటలో రాజలింగం ఫోన్లో జనం రాసినవన్నీ చదివాడు. పిల్లలకు కారం ఎక్కువవుతుందని ఎవరో రాశారు. సరిగ్గా బల్ల ఖాళీ అయ్యే వేళకు వద్దని బయటికి నడిచాడు. ఆటో పట్టుకుని ఆబిడ్స్ వెళ్లారు. అక్కడి భోజన హోటల్‌లో మధ్యాహ్నం భోజనాలు అయిపోయి, కుర్చీలు బల్లలెక్కించి నేల కడుగుతున్నారు. ఆ పక్కదానికి రేటింగ్ తక్కువ. ఇంకొకటి బాగానే ఉంది కానీ పిల్లలు ఆడుకునే చోటు లేదు. ఎక్కడ మెట్లెక్కినా లాస్య ముందుగా ఎదురెదురు కుర్చీలు చూసుకునేది. తండ్రి వెనక్కి తిరగగానే తనూ తిరిగేది.

సుగుణ దారిలో అరటిపళ్లు కొని పిల్లకు ఒకటి వలిచి ఇచ్చింది. ఎక్కడో ఒకచోట కూర్చుందామని తమ్ముడికి రెండుసార్లు చెప్పింది. ఇంకొక్కటి చూద్దామని అతను రెండుసార్లూ అన్నాడు.

చివరికి జాబితాలో అన్నిటికంటే ఎక్కువ రేటింగ్ ఉన్న హోటల్ అతనికి నచ్చింది. అక్కడ పట్టాల మీద బొమ్మరైలు తిరుగుతూ ప్రతి బల్ల దగ్గరా ఆగి పళ్లేలు అందిస్తుందట. బిడ్డ ఎంత మురిసిపోతుందో తలుచుకుంటే అతనికి ఒళ్లు పులకరించింది. ఆదివారం రద్దీలో ఆటో అక్కడికి చేరేసరికి ఐదు దాటింది. వాకిట్లో జనం. చేతిలో టోకెన్ పెట్టారు. నంబరు నలభై ఒకటి. లోపల పద్నాలుగో నంబరు వాళ్లు తింటున్నారు.

ముగ్గురూ బయట బల్ల మీద కూర్చున్నారు. లాస్య అద్దంలోంచి బొమ్మరైలును కాసేపు చూసింది. తర్వాత తండ్రి చేతి మీద తల ఆనించింది.

రాజలింగం ఆ పిల్ల జుట్టు సవరిస్తూ, "ఏదో చెప్తానన్నావు కదా, ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"తినేటప్పుడు" అంది లాస్య. ఆ మాట సగం నిద్రలోనే అంది.

నలభై ఒకటి అని పిలిచేసరికి ఆరున్నర కావస్తోంది. పిల్ల గాఢ నిద్రలో ఉంది. రాజలింగం భుజాన వేసుకుని లోపలికి తీసుకెళ్లాడు. బుగ్గలు తట్టాడు, నీళ్లతో ముఖం తుడిచాడు. లాస్య కళ్లు తెరవలేదు. బొమ్మరైలు వచ్చి వాళ్ల బల్ల దగ్గర ఆగింది, మళ్లీ కదిలి వెళ్లింది. తినడానికి వ్యవధి లేదు. అన్నీ పొట్లాలు కట్టించి బయటికి వచ్చారు.

రోడ్డు మీద రెండు ఆటోలు పిలిచారు. ఒకటి ఉప్పల్‌కు, ఒకటి స్టేషన్‌కు. రాజలింగం పిల్లను అక్క ఒడిలో పడుకోబెట్టి, పొట్లాల సంచి పక్కన పెట్టాడు. సుగుణ అతని ముఖంలోకి చూసింది.

"పొద్దుగాల లేచి బాపు ఏడని అడుగుతది. ఏం చెప్పాలె తమ్మీ?" అంది.

రాజలింగం బిడ్డ తల నిమిరి, వెళ్లి స్టేషన్ ఆటో ఎక్కాడు.

తర్వాత ఐదు నెలలు అతను ఒడిశా కొండల్లో పనిచేశాడు. పనిచోట సిగ్నల్ ఉండేది కాదు. వారానికోసారి కొండ దిగి వెళ్లి ఫోను చేసేవాడు. బడి గురించి, అన్నం గురించి అడిగేవాడు. అన్నీ అయ్యాక, ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావు తల్లీ అని అడిగేవాడు. లాస్య ప్రతిసారీ ఒకే మాట చెప్పేది. ఫోన్లో కాదట, ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్తుందట. కొన్నాళ్లకు అతను అడగడం మానేశాడు. అడిగితే ఎదురుగా ఎప్పుడు కూర్చుంటావని ఆ పిల్ల తిరిగి అడుగుతుంది. ఆ తేదీ అతనికే తెలియదు.

టవరు పైన నడుముకు బెల్టు కట్టుకుని బోల్టులు బిగిస్తుంటే దూరంగా హైవే కనిపించేది. హైవే పక్కన ఒక దాబా ఉండేది. కార్లు ఆగేవి. పిల్లలు దిగి పరుగెత్తేవారు. నులకమంచాల మీద తండ్రులూ పిల్లలూ ఎదురెదురుగా కూర్చునేవారు. అంత ఎత్తునుంచి వాళ్ల ముఖాలు కనిపించేవి కావు. అయినా రాజలింగం చేస్తున్న పని ఆపి అటే చూసేవాడు. కింద మేస్త్రీ కేక వేసేదాకా చూసేవాడు. ఆ దాబాలో పళ్లేలు ఎలాంటివో, ఫ్యాన్లు ఎలా తిరుగుతాయో ఒక్కసారి కూడా అతనికి ఆలోచన రాలేదు. రాత్రి మెస్‌లో తోటివాళ్లతో కూర్చుని తినేటప్పుడు, ఎదుటివాడి భుజం మీదుగా ఖాళీ గోడవైపు చూస్తూ ఉండిపోయేవాడు.

ఆగస్టులో సెలవు దొరికింది. రైలు పొద్దున్నే సికింద్రాబాద్ చేరింది. సుగుణ, లాస్య ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. లాస్య రెండు అంగుళాలు పెరిగింది. ముందటి పన్ను ఒకటి ఊడింది. రాజలింగం సంచి కింద పెట్టి బిడ్డను ఎత్తుకున్నాడు. ఆకలేస్తోందా అని అడిగాడు. వేస్తోందని తలూపింది.

పక్కనే పూరీల బండి ఉంది. నూనె మరకల కాగితం ప్లేట్లు. పలచటి బంగాళదుంప కూర. రాజలింగం రెండు ప్లేట్లు తీసుకుని ఒకటి అక్కకు ఇచ్చాడు. లాస్యను సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, తను సంచి మీద ఎదురుగా కూర్చున్నాడు. పూరీ తుంచి బిడ్డ నోట్లో పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు తల్లీ. ఆ రోజు నాకు ఏం చెప్పాలనుకున్నావు?"

లాస్య నములుతూ ఆలోచించింది. కనుబొమలు ముడిచి చాలాసేపు ఆలోచించింది. పక్క పట్టాల మీదికి ఒక రైలు వచ్చి ఆగింది.

"మర్చిపోయా బాపూ" అంది.

రాజలింగం చేతిలో పూరీ ముక్క అలాగే ఉండిపోయింది. ఐదు నెలలు ఏ మాట కోసం ఎదురుచూశాడో ఆ మాట ఇక ఈ లోకంలో ఎక్కడా లేదు. అది చిన్న మాటే అయి ఉండవచ్చు. పన్ను కదులుతోందనో, అమ్మ కలలోకి వచ్చిందనో అయి ఉండవచ్చు. ఆ హోటల్‌లో కిటికీ పక్కన కూర్చుని ఉంటే పది నిమిషాల్లో తెలిసిపోయేది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

లాస్య తండ్రి గడ్డం పట్టుకుంది. "ఏడవకు బాపూ. వేరేవి చాలా ఉన్నాయి. చెప్పనా?" అంది.

చెప్పమన్నాడు. ఆ పిల్ల మొదలుపెట్టింది. క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి గురించి చెప్పింది. వాన పడితే బడి కారిడార్‌లో చేరే కుక్కపిల్ల గురించి చెప్పింది. ఊడిన పన్నును ఎక్కడ దాచిందో రహస్యంగా చెవిలో చెప్పింది. పూరీలు చల్లారిపోయాయి. రాజలింగం ఇంకో ప్లేటు తెచ్చి మళ్లీ అదే చోట కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎక్కడ తిందామని సుగుణ అడిగింది. ఎక్కడ ఆకలేస్తే అక్కడే కూర్చుందామని చెప్పి, తర్వాత ఏమైందని బిడ్డను అడిగాడు.

మనవాళ్లతో గడిపే కొద్ది సమయాన్ని ఇంకా మంచిచోటు వెతకడంలో పోగొట్టుకుంటే, చోటు ఎప్పటికైనా దొరుకుతుందేమో కానీ ఆ సమయం మాత్రం తిరిగి దొరకదు.