బుల్లెమ్మ పీట మీద చేదయ్య

ఒకప్పుడు మందు అన్న మాటే లేదు. మన ఒంట్లో కణాలు మాత్రం ఉండేవి. ఒక్కో కణం ఒక్కో చిన్న ఇల్లు.

ప్రతి ఇంటి గుమ్మం ముందు పీటలుండేవి. చుట్టం కబురు పట్టుకొచ్చి తన కొలతకి చెక్కిన పీట మీద కూర్చుంటే, తలుపు దానంతటదే తెరుచుకునేది. చదువుకున్నవాళ్లు ఈ పీటని గ్రాహకం అంటారు. అననివ్వండి, పీటంటే పనేమీ ఆగదు.

వచ్చినవాళ్ల మొహం చూసే ఆచారం కణాలకి లేదు. పీటకి సరిపోతే చుట్టమే. నన్నడిగితే తెలివితక్కువ ఆచారం. కానీ వాళ్లు నన్నడగలేదు.

గొంతులో బుల్లెమ్మ అనే కణం ఉండేది. ఆమె గుమ్మానికి చేదయ్య వచ్చేవాడు. అడవి వేరులోంచి జారిన రసపు చుక్క. పీటకి సరిపోయేవాడే కానీ కబురు తెచ్చేవాడు కాదు, తలుపు తెరుచుకునేంత బరువూ లేనివాడు. ఊరికే కూర్చునేవాడు. పీట అరగదీయడానికి వచ్చావా అని బుల్లెమ్మ రోజూ తిట్టేది.

ఒకరోజు ఒళ్లంతా ముళ్లున్న వైరస్ వచ్చింది. ముళ్లని పీట కొలతకి అరగదీసుకుని మరీ వచ్చింది. పక్కింటి వీరమ్మ పీటెక్కింది. తలుపు తెరుచుకుంది. వీరమ్మ పొయ్యి మీదే, వీరమ్మ గిన్నెల్లోనే తనలాంటి పిల్లల్ని వెయ్యిమందిని వండుకుంది. సాయంత్రానికి ఆ ఇల్లు పగిలిపోయింది.

వెయ్యిమందిలో ఒకటి బుల్లెమ్మ గుమ్మానికి వచ్చింది. లోపల బుల్లెమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది, లాభం లేదని తెలిసీ. అది పీటెక్కితే తలుపు ఆమె మాట వినదు మరి.

పీట మీద చేదయ్య ఉన్నాడు.

"లేవయ్యా, నేను చుట్టాన్ని" అంది వైరస్.

"నేనూ చుట్టాన్నే. ముందొచ్చాను" అన్నాడు చేదయ్య.

వైరస్ బతిమాలింది, తిట్టింది, చుట్టూ తిరిగింది. ఇంతలో ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు వచ్చి దాన్ని మింగేశాయి.

బుల్లెమ్మకి ఏడుపు ఆగలేదు. "ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు తిట్టాను నాయనా. లోపలికొచ్చి ఒక్క ముద్ద తిను."

"నేను లోపలికొస్తే పీట ఖాళీ అవుతుందమ్మా" అన్నాడు చేదయ్య.

రోజూ కాసేపట్లో లేచి వెళ్లేవాడు, ఆ రోజు మాత్రం లేవకుండా అక్కడే కూర్చున్నాడు. పూట గడిచేసరికి కొంచెం కొంచెంగా కరిగిపోయాడు. బుల్లెమ్మ ఖాళీ పీటని తుడిచి, అతని తమ్ముణ్ణి పంపమని అడవికి కబురు పెట్టింది. తమ్ముడొచ్చాడు. అతనూ కరిగాడు. ఇంకో తమ్ముడొచ్చాడు.

అప్పటినుంచే ఈ అన్నదమ్ములకి మందు అని పేరు. అందుకే మందు ఒక్కసారి వేసుకుంటే చాలదు, పూటపూటా వేసుకోవాలి. చేదని మొహం చిట్లిస్తే చిట్లించండి, ఉమ్మకండి. మన ఇంట్లో మెతుకైనా ముట్టకుండా మన గుమ్మంలో కరిగిపోయేవాడు ఇంకెవడున్నాడు?