కోటగుమ్మానికి ఆనించిన విల్లు

ఒకానొక రాజ్యంలో ఏ ఒక్కరి సొత్తూ కాని అడవి ఒకటి ఉండేది. పన్నెండు ఊళ్లవాళ్లు అందులో వేటాడుకునేవారు. మూడేళ్లు వరుసగా వానలు మొహం చాటేయడంతో నాగలి పట్టిన చేతులు కూడా విల్లు పట్టాయి. అడవి సంతలా తయారైంది. ఒకడు జింక అనుకుని వేసిన బాణం పొదలో నక్కిన ఇంకొకడి మెడలో దిగేది. అలా కొందరు, దెబ్బ తిన్న జంతువులు కుమ్మి కొందరు, మొత్తం నలుగురు పోయారు.

అప్పుడు పన్నెండు ఊళ్ల పెద్దలు కూర్చుని కట్టుబాట్లు చేసుకున్నారు. మడుగు దగ్గరికి ముందు వచ్చినవాడు దారిలో పచ్చికొమ్మ కట్టాలి. అది చూసినవాడు నోరెత్తకుండా వేరే మడుగుకు పోవాలి. మొదటి బాణం ఎవరిదైతే జంతువు వాడిది. కానీ అది పడేదాకా వెంట నడవాల్సింది కూడా వాడే. దెబ్బ తిన్న జంతువు దారిలో ఎవరినైనా కుమ్మితే, ఆ మనిషి విల్లు తెచ్చి మొదటి బాణం వేసినవాడి గుమ్మానికి ఆనిస్తారు. గాయపడినవాడు లేచి వచ్చి తన విల్లు తాను తీసుకునేదాకా అతని ఇంటిని బాణం వేసినవాడు సాకాలి, అదీ తన చేతి వేటతోనే.

ఈ కట్టుబాట్లను పండితులెవరూ రాయలేదు. ఆ నలుగురి చావులు రాశాయి. అందుకే అందరికీ నోటికి వచ్చు.

ఆ రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. చెడ్డవాడు కాదు గానీ, తన నీడ కూడా తనకంటే ఒక అడుగు వెనక నడవాలనుకునే రకం. వేటకు పోతే ముందు కొమ్ములు ఊదేవాళ్లు, వెనక గొడుగు పట్టేవాళ్లు. ఆ మోతకు పారిపోని జంతువు చెవిటిదై ఉండాలి.

ఒకనాటి ఉదయం రాజు రేలమడుగుకు వచ్చాడు. దారిలో పచ్చికొమ్మ కట్టి ఉంది. అది బద్దయ్య అనే రైతు కట్టింది. చేను ఎండిపోయి, పెళ్లాం బిడ్డల కోసం వేటకు దిగినవాడు. కొమ్మను చూసి భటులు ఆగిపోయారు.

"రాజుకు కొమ్మ అడ్డమా? పీకి పారెయ్యండి" అన్నాడు రాజు.

ఆ వేళ మడుగుకు వచ్చిన అడవిపంది నిజంగానే చెవిటిదేమో. రాజు బాణం దాని పిర్రలో దిగింది. అది పొదల్లోకి ఉరికింది.

"వెంట పోదామా ప్రభూ?" అని అడిగాడు దొంతయ్య. రాజుగారి వేటకుక్కలను సాకేది అతనే. ఒకప్పుడు వేటగాడు. పంది కుమ్మగా ఎడమకాలు కుంటి అయింది.

"ఎందుకు? అదే చస్తుంది. ముందు ఫలహారం కానివ్వండి."

ఆ పొదల్లోనే బద్దయ్య ఉన్నాడు. పంది అతని తొడ చీల్చి ఎముక విరిచింది. కింద పడి కూడా బల్లెంతో దాన్ని పొడిచి చంపాడు. కేక విని భటులు వచ్చారు. పందిని నలుగురు మోసుకుపోయారు. బద్దయ్యను మొయ్యడానికి ఎవరూ మిగల్లేదు. ఊరివాళ్లు వచ్చి మంచం మీద తీసుకుపోయారు.

మధ్యాహ్నం బద్దయ్య భార్య నర్సి సభకు వచ్చింది. "దొరా, నా మొగుడు రెండు నెలలు లేవడట. ఆ పందిని ఇప్పించండి. మాకు అదే దిక్కు" అంది.

"నా బాణం తగిలిన పంది నీదెట్లా అవుతుంది?" అన్నాడు రాజు.

దొంతయ్య ముందుకు వచ్చాడు. "నిజమే ప్రభూ. మొదటి బాణం ఎవరిదో జంతువు వాళ్లదే. అది అడవి కట్టుబాటు."

నర్సి అతనివైపు చూసింది. "నువ్వు కూడానా దొంతయ్య మావా?"

దొంతయ్య రాజువైపే తిరిగాడు. "అయితే జనం నోరు మంచిది కాదు. చంపింది బద్దయ్య బల్లెమనీ, ఏలినవారి బాణం ఊరికే గీసుకుపోయిందనీ అంటారు."

"ఎవడు అనేది? మొదటి బాణం నాది" అన్నాడు రాజు.

"తమదేనా ప్రభూ?"

"నాదే. ఎన్నిసార్లు చెప్పాలి? నాది."

"అయితే ఆ మాటే పన్నెండు ఊళ్లలో డప్పు వేయిద్దాం."

రాజు సంబరపడిపోయాడు. సాయంత్రానికి పన్నెండు ఊళ్లలో డప్పు మోగింది.

మర్నాడు పొద్దున రాజు బయటికి వచ్చేసరికి ఏనుగులు పట్టే కోటగుమ్మానికి ఒక వెదురు విల్లు ఆనించి ఉంది. కాపలావాళ్లు దూరంగా నిలబడ్డారు. వాళ్లవీ ఆ ఊళ్లే. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"ఏమిటిది?"

దొంతయ్య కట్టుబాటు వివరించాడు. రాజు ముఖం కందిపోయింది. "అడవి జనం కట్టుబాట్లు నాకు లేవు."

"మొదటి బాణం కట్టుబాటు కూడా వాళ్లదే ప్రభూ. నిన్న సగం తీసుకున్నారు. మిగతా సగం ఇవాళ నడిచి వచ్చింది."

"అయితే ఆ బాణం నాది కాదు."

"చిత్తం. డప్పువాణ్ణి మళ్లీ పంపుతాను. కాకపోతే మాంసం రాత్రే తినేశాం. ఇంకొకరి వేట తిన్నామని కూడా చెప్పించమంటారా, ఆ ముక్క వదిలేయమంటారా?"

రాజు పళ్లు కొరికాడు. "సరే, గాదె నుంచి రెండు బస్తాల జొన్నలు పంపించండి."

"తన చేతి వేటతోనే అన్నారు ప్రభూ." దొంతయ్య గొంతు తగ్గింది. "నా కాలు విరిగిన ఏడు ఈ కట్టుబాటు లేదు. పందిని కొట్టి వదిలేసినవాడు ఇంటికి పోయి పడుకున్నాడు. నా భార్య ఆకులూ దుంపలూ ఉడకేసి పిల్లల్ని బతికించింది. ముగ్గురిలో ఇద్దరిని."

రాజు తన విల్లు తెప్పించుకున్నాడు. ఆ పూటే వేటకు బయలుదేరాడు. కొమ్ములు ఊదేవాళ్లు కోటలోనే ఉండిపోయారు.

రేలమడుగు దారిలో పచ్చికొమ్మ ఉంది. అలవాటుగా చెయ్యి చాచిన భటుడిని రాజు ఆపాడు. రెండో మడుగు దగ్గరా కొమ్మే. మూడో మడుగు సగం ఎండిపోయింది. అక్కడ తన చేత్తో కొమ్మ కట్టి సాయంత్రందాకా కూర్చుంటే ఒక్క కుందేలు దొరికింది.

"ఇంత అడవిలో రాజుకు మిగిలింది ఇదా దొంతయ్యా?"

"కొమ్ములు ఊది ఉంటే ఇదీ మిగిలేది కాదు ప్రభూ."

రాజు విరగబడి నవ్వాడు. చేతి బంగారు కడియం తీసి దొంతయ్య చేతికి తొడిగాడు. కుందేలును మాత్రం తానే నర్సి గుమ్మం దాకా మోసుకెళ్లాడు.

రెండు నెలలూ అలాగే సాగింది. బద్దయ్య కుంటుకుంటూ వచ్చి తన విల్లు తీసుకుపోయాడు. అది ఆనిన చోట తలుపు మీద గీత పడింది. ఆ గీతకు రంగు వేయబోయిన పనివాళ్లను రాజే వారించాడు. ఆ పైన అడవికి వెళ్లిన ప్రతిసారీ దాన్ని చూసుకుని గుమ్మం దాటేవాడు.